మనవడి ఏడుపుకు డబ్బింగ్

పుట్టి తొమ్మిది రోజులైన పసివాడికి నొప్పి ఉందో లేదో ఎవరిని అడగాలి? వాడినా? మాటలు రావు. కన్నతల్లినా? ఆమెకు ప్రేమ ఎక్కువ. అమ్మమ్మనా? అసలే వద్దు! నిష్పక్షపాతంగా చెప్పగలిగేది ఏఐ ఒక్కటే. దాని ముందు చుట్టరికాలు చెల్లవు.

జూబ్లీహిల్స్‌లోని ఆ ఆసుపత్రి ఈ సత్యాన్ని ముందే గ్రహించింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఒక్కో గాజుపెట్టె మీద ఒక కెమెరా, ఒక మైకు బిగించింది. యంత్రం ముఖం చూసి, ఏడుపు విని, నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తుంది. ఎల్‌కేజీలో చేరకముందే మార్కులు మొదలు! తల్లిదండ్రులకు ఇంతకంటే ఏం కావాలి? నలుగురు నర్సులు చేసే పనికి ఒక్కరు చాలని కూడా తేలింది.

కౌసల్యకు మాత్రం ఈ సౌభాగ్యం ఒంటబట్టలేదు. ఆమెది కృష్ణానగర్‌లో కాపురం, ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ పని. ఇరవై ఏళ్లుగా తెర మీద ఉయ్యాల్లో పసిపాప ఏడ్చిందంటే, ఆ గొంతు చాలాసార్లు ఆమెదే. ఆకలి ఏడుపు, పక్క తడిపిన ఏడుపు, హీరో ఎత్తుకోగానే టక్కున ఆగే ఏడుపు, అన్నీ వచ్చు. కూతురు మనోజకు బీపీ తగ్గక పై అంతస్తులో పడుకుని ఉండటంతో మనవడి పక్కన కూర్చునే వంతు ఆమెకొచ్చింది.

ఆ మధ్యాహ్నం వాడి నోరు పెద్దగా తెరుచుకుంది. గడ్డం వణికింది. నెలలు నిండని ఊపిరికి శబ్దం మాత్రం రాలేదు. పెదవులు చూసి గొంతు కలపడమే బతుకైన మనిషి కదా, కౌసల్యకు అది ఏడుపని వెంటనే తెలిసిపోయింది.

"సిస్టరమ్మా, పోరనికి నొస్తుంది. జర చూడు."

ఎనిమిది పెట్టెల మధ్య తిరుగుతున్న నర్సు వందన తెర వైపు చూసింది. "స్కోరు రెండే ఆంటీ. కంఫర్టబుల్‌గా ఉన్నాడు."

"నోరు జూడు, ఎట్ల తెరుస్తుండో! ఏడుస్తుండమ్మా. గొంతు ఎల్తలేదు."

"ఏడిస్తే మైకుకు వినపడుతుంది కదండీ."

కాదనగలమా? తొమ్మిది రోజులు గడిచినా డైలాగ్ డెలివరీ నేర్చుకోకపోవడం వాడి తప్పే! పైగా ముక్కులో పాలగొట్టం, చెంపల మీద ప్లాస్టర్. ఎక్స్‌ప్రెషన్ ఏం కనబడుతుంది? ఈ ముఖంతో ఏ ఆడిషన్‌లో నెగ్గుతాడు?

మూడోసారి చెప్పినప్పుడు, "మీరిలా టెన్షన్ పడితే మీకూ బీపీ వస్తుందండీ" అంది వందన, మర్యాదగానే.

కౌసల్య గాజుపెట్టె మీదకు వంగింది. వాడి పెదవులు మళ్లీ తెరుచుకునే దాకా ఆగింది. తెరుచుకున్నాయి. సన్నగా రాగం ఎత్తుకుని, చివర్లో గొంతు విరిగిపోయేలా ఏడ్చింది. పెదవికీ గొంతుకూ వెంట్రుకవాసి తేడా లేదు. ఒకే టేక్!

స్కోరు తొమ్మిది! ఎర్రలైటు, అలారం! డాక్టర్ శ్రీకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. చుట్టిన గుడ్డ విప్పితే, సెలైన్ సూది ఉన్న చెయ్యి మోచేతి దాకా వాచిపోయి ఉంది. మందు నరంలోకి కాక పక్కకు పోతోంది. సూది తీశారు. చాలాసేపటికి గడ్డం వణుకు ఆగింది. వాడు నోరు మూసుకుని నిద్రపోయాడు.

"చూశారా అమ్మా! మిషన్ లేకపోతే ఎంత ప్రమాదం జరిగేది!" అన్నాడు డాక్టర్ గర్వంగా.

"అవ్ సారూ. దానికి మంచిగ ఇనబడుతది."

డాక్టర్ వెళ్లాక వందన దగ్గరకొచ్చింది. ముఖం ఎత్తలేకపోయింది. "ఆంటీ, మళ్లీ అనుమానమొస్తే అలా ఏడవకండి. నన్ను పిలవండి, చాలు."

"పిలిచిన గద బిడ్డా. మూడుసార్లు పిలిచిన."

కాబట్టి పాఠకులారా, యంత్రం ఉండి తీరాల్సిందే! కౌసల్యకు కూడా దాని మీద ఫిర్యాదేమీ లేదు. ఆమె గొంతు ఇంకొకరి పెదవుల మీదుగా వస్తే తప్ప ఎవరికీ వినపడకపోవడం, ఇరవై ఏళ్లుగా ఆమెకు అలవాటే.