నాలుగు మడతల కృష్ణబిలం

ఆ ఆదివారం పొద్దున శంకర్రావు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. చాయ్ తాగుతూ మరాఠీ పేపరు చివరి పేజీ దాకా చదవడం, తొమ్మిదింటికి స్నానం, పదింటికి బజారులో తన బట్టల కొట్టు తెరిచి గణపతి పండుగకు వచ్చిన కొత్త తాన్లు సర్దించడం. ఇందులో బ్రహ్మాండానికి సంబంధించిన పని ఒక్కటీ లేదు. పంతొమ్మిది వందల ఎనభై రెండులో నాందేడ్‌లో బట్టల కొట్టు నడిపే మనిషికి అలాంటి పని ఉండవలసిన అవసరమూ లేదు.

రెండో గుక్క తాగేసరికి కూతురు దేవకి ఫారం పట్టుకుని వచ్చి నిలబడింది. బీయెస్సీ పాసైంది, ఔరంగాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతానంటుంది. శుక్రవారానికల్లా ఫారం అక్కడికి చేరాలి, ఇంటి పెద్దల సంతకం కావాలి. వారం రోజులుగా శంకర్రావు దాన్ని తీసుకోవడమూ, చదవకుండానే తిరిగి ఇవ్వడమూ జరుగుతోంది. ఆనాటి పేపర్లో అదృష్టవశాత్తో దురదృష్టవశాత్తో కృష్ణబిలాల మీద అర పేజీ వ్యాసం పడింది. శంకర్రావు దాని శీర్షికా, పక్కనున్న నల్లటి బొమ్మా చూశాడు. అంతకు మించి చూడలేదు.

"ఇందుల ఏమున్నది బిడ్డా?" అన్నాడు పేపరు ఊపుతూ. "చాయ్ తాగేలోపల నాకు మొత్తం సమజైంది. గిదానికి రెండేండ్లు ఔరంగాబాద్‌ల కూసునుడెందుకు?"

ఆ మాట పట్టుకున్నది అంబాదాస్. సాయంత్రపు హారతికి పిలవడానికి అప్పుడే వచ్చి అరుగు మీద చెప్పులు విడుస్తూ ఈ మాట విన్నాడు. అంబాదాస్‌ది కిరాణా వ్యాపారం, పైగా గల్లీలోని గణేశ్ మండలికి అధ్యక్షుడు. పండుగ రోజుల్లో మండపంలో రోజుకొకరి చేత ఉపన్యాసం ఇప్పించడం ఆ ఊళ్లో ఆనవాయితీ. బుధవారం మాట్లాడవలసిన ప్రొఫెసరుకు జ్వరమని తంతి వచ్చింది. అంబాదాస్ రెండు రాత్రులుగా నిద్రపోలేదు.

"సేట్, గదే సంగతి బుధవారం మండపంల నువ్వే చెప్పు," అన్నాడు.

శంకర్రావు చక్కగా కాదనవచ్చు. కానీ ఎదురుగా కూతురు ఫారంతో నిలబడి ఉంది. ఇప్పుడు తనకు రాదంటే సంతకం పెట్టక తప్పదు. అందుకని "చూద్దాం" అన్నాడు. బజారులో చూద్దామంటే కొనడనే అర్థం. మండలి అధ్యక్షుడికి మాత్రం అది ఒప్పుకోవడమే.

సోమవారం పొద్దుటికి మండపం ముందున్న నల్లబల్ల మీద శంకర్రావు పేరు సుద్దముక్కతో వెలిసింది. సాయంత్రానికి దాని ముందు ఎవరో "ప్రసిద్ధ ఖగోళ పండితులు" అని చేర్చారు. మంగళవారం కొట్లోకి వచ్చినవాళ్లు బట్ట కంటే ఆకాశం గురించే ఎక్కువ అడిగారు. నర్సవ్వ జాకెట్టు గుడ్డ బేరం మధ్యలో ఆపి, ఆ బిలం వచ్చేది పంట కోతలకు ముందా తర్వాతా అని నిలదీసింది. తర్వాతేనని ధైర్యం చెప్పి పంపాడు శంకర్రావు. ఎదురు బట్టల కొట్టు రామకిషన్ పనిగట్టుకుని రోడ్డు దాటి వచ్చి, తాను ముందు వరసలోనే కూర్చుంటానని చెప్పి వెళ్లాడు. ఇరవై ఏళ్లలో ఆయన రోడ్డు దాటడం అదే మొదటిసారి.

శంకర్రావు ఆ వ్యాసాన్ని గల్లా పెట్టె చాటున నాలుగుసార్లు చదివాడు. మొదటి వాక్యం అర్థమైంది. అందులో ఆకాశం విశాలమైనదని ఉంది. మిగతాది అర్థం కాకపోగా, తానేం మాటలన్నాడో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. మంగళవారం అన్నం తింటూ, పరీక్ష పెట్టేవాడి ముఖం పెట్టి, "నీకేమన్న సమజైందా చెప్పు చూద్దాం" అని కూతుర్ని అడిగాడు.

దేవకి పరీక్షకు జవాబిస్తున్నట్టే ఇచ్చింది. సూర్యుడి కంటే ఎన్నో రెట్లు పెద్ద నక్షత్రం కాలికాలి ఆరిపోతే, దాని బరువుకు అదే లోపలికి కూలిపోతుందట. వెలుగు కూడా బయటికి రాలేనంతగా కూలిపోతుందట. నడుమ మిగిలేది ఒక బిందువని, అక్కడ మనకు తెలిసిన సూత్రాలేవీ పనిచేయవని అంటారట. ఆ బిందువు అవతల కొత్త బ్రహ్మాండం పుడుతుండవచ్చునని కొందరి ఊహ. చూసినవాళ్లు లేరు. ఇదంతా చెప్పి, "ఆకాశాన్ని పరిచిన బట్ట అనుకో బాపూ. బరువు పెడితే గుంత పడతది" అంది.

బట్ట అన్న మాట వినగానే శంకర్రావుకు ప్రాణం లేచొచ్చింది. బట్ట గురించి ఆయనకు చెప్పగలవాడు మరాఠ్వాడాలో ఇంకా పుట్టలేదు.

బుధవారం కొట్లోనే రెండు గజాల తెల్ల గుడ్డ కోసి సిద్ధం చేశాడు. నక్షత్రం సరిగ్గా నడుమ పడాలి కదా, నడుమ ఎక్కడో గుర్తు ఉండాలి. ముప్పై ఏళ్లుగా బట్ట మీద ఎక్కడ గుర్తు పెట్టాలన్నా ఆయన చేతికి తెలిసింది ఒక్కటే పద్ధతి. గుడ్డను నాలుగు మడతలు వేసి, మడతలన్నీ కలిసే మూలను పట్టుకుని కత్తెరతో చిటుక్కున చిన్న గాటు పెట్టాడు. చింపదలచుకున్న చోట బట్టల వ్యాపారులందరూ పెట్టే గాటే అది. మళ్లీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

సాయంత్రం మండపం నిండిపోయింది. ఆడవాళ్ల వైపు భార్య యమునాబాయి, దేవకి కూర్చున్నారు. గుడ్డ నాలుగు మూలలు పట్టుకోవడానికి నలుగుర్ని పిలిస్తే మొదట లేచింది రామకిషన్. వేదిక ఇరుకు కావడంతో, చివర్లో వక్తకు ఇవ్వవలసిన శాలువా, కొబ్బరికాయ ఉన్న పళ్లేన్ని అంబాదాస్ ఆ గుడ్డ కిందే స్టూలు మీద పెట్టాడు.

శంకర్రావు కిలో తూకపు రాయి నడుమ పెట్టి గోలీ వదిలాడు. గోలీ గుంతలోకి దొర్లింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ రాయి సూర్యుడన్నాడు. రెండు కిలోలు పెట్టాడు, గుంత పెరిగింది. ఇంకా పెద్ద నక్షత్రం చూపించమన్నారు వెనక నుంచి. అడిగినవాడికి ఇంకొకటి తీసి చూపించడం తప్ప కాదనడం రాని మనిషి శంకర్రావు. అంబాదాస్ కొట్టు నుంచి ఐదు కిలోల రాయి తెప్పించి, ఇక్కడ వెలుగు సైతం మునిగిపోతుందని, అవతల కొత్త బ్రహ్మాండం పుడుతుందని గంభీరంగా చెబుతూ గాటు మీద పెట్టాడు.

సర్రుమని చప్పుడైంది. బట్ట చింపుతూ శంకర్రావు రోజుకు వంద సార్లు వినే చప్పుడే. మూడు రాళ్లూ, గోలీ, మొత్తం సౌరకుటుంబం పళ్లెంలో పడ్డాయి. కొబ్బరికాయ పగిలి, నీళ్లు పక్కనే నిలబడ్డ అంబాదాస్ తెల్ల దోవతి మీద పడ్డాయి.

జనం నవ్వడం మొదలుపెట్టారు. రామకిషన్ మాత్రం నవ్వలేదు. చేతిలో మిగిలిన మూలను వేళ్లతో నలిపి చూసి, "గుడ్డ మీ కొట్టుదే గద సేట్?" అన్నాడు. "సరే, చిరిగితే చిరిగె. అవతల కొత్త బ్రహ్మాండం ఉన్నదంటిరి. అదెట్ల పుడతదో జర చెప్పుండ్రి."

శంకర్రావు చిరుగు వైపు చూశాడు. ముప్పై ఏళ్లు కట్టుకున్న పేరు చింకిగుడ్డలా నలుగురి చేతుల్లో వేలాడుతోంది. కానీ ఆయన్ను కోసింది అది కాదు. ఆడవాళ్ల వైపు దేవకి తల వంచుకుని కూర్చుంది. తన తండ్రి గురించి ఆమె సిగ్గుపడుతోంది. వారం నుంచి సిగ్గుపడవలసినవాడు తాను.

"నాకు తెల్వదు," అన్నాడు మైకులో. "ఆదివారం సుత తెల్వదు. తెలిసినట్టు తిరిగిన. నా బిడ్డకు తెలుసు. దాన్నే చదవనియ్యనంటున్న."

ఆ తర్వాత ఎక్కడ చూడాలో తెలియక కొబ్బరి చిప్పల వైపు చూస్తూ నిలబడ్డాడు.

దేవకి వేదిక ఎక్కింది. రామకిషన్ చేతిలోని మూల తీసుకుని, చిరుగు అందరికీ కనిపించేలా పట్టుకుంది.

"బాపు చూపించింది తప్పు కాదు. ఇక్కడిదాక బట్ట చెప్తది. చిరిగిన కాడ బట్ట పని ఖతం. అవతల కొత్త బ్రహ్మాండం పుట్టిందా లేదా అని చిరిగిన బట్టనడిగితే ఎట్ల చెప్తది? మన సూత్రాలు సుత గంతే. ఆ బిందువు కాడ చిరుగుతయి. ఇంకో మంచి బట్ట నెయ్యాలె. అది ఇంకా ఎవ్వరు నెయ్యలేదు."

ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. గంటసేపు దేవకి జవాబులు చెప్పింది. తెలియనివి తెలియవని చెప్పింది, అదంత తేలికగా చెప్పవచ్చునని శంకర్రావుకు అప్పుడే తెలిసింది. తడిసిన శాలువాను అంబాదాస్ ఆమెకే కప్పాడు.

గురువారం పొద్దున శంకర్రావు పేపరు ముట్టుకోలేదు. స్నానం చేసి, కలం తెరిచి, కూతుర్ని పిలిచి ఫారం తెమ్మన్నాడు. టపాలో వేస్తే ఇక అందదని, తానే బస్సెక్కి ఔరంగాబాద్ వెళ్లి ఇచ్చి వస్తానన్నాడు. దేవకి తల్లి వైపు చూసింది.

"అది నేనే సంతకం పెట్టి సోమవారమే టపాల ఏసిన," అంది యమునాబాయి చాయ్ వడపోస్తూ. "తండ్రి గాని తల్లి గాని పెట్టొచ్చని రాసి ఉన్నది అందుల. మీరు చదవలేదా?"

శంకర్రావుకు చెవులు మళ్లీ వేడెక్కాయి. "మరి నాకు చెప్పకపోతివి? చెప్తే నేను ఆ మండపం ఎక్కకపోదును గద."

"ఎక్కాలనే చెప్పలే," అంది ఆమె.

తెరిచిన కలాన్ని ఊరికే ఎలా మూయాలో తోచక, శంకర్రావు ఎదురుగా ఉన్న పాల లెక్క కార్డు మీద తేదీతో సహా సంతకం చేశాడు.