మా వదినకు ప్రపంచమిచ్చిన మైకు

ప్రపంచ మహాసభలు ఒట్టి దండగ అనేవాళ్ళ నోళ్ళు పడిపోను! అగ్రరాజ్యాల అధినేతలు కూర్చునే హాల్లో ఇప్పుడు మామూలు మనుషులకూ కుర్చీ వేస్తున్నారు. దానికి ‘పౌర సమాజం’ అని ముద్దుగా పేరు కూడా పెట్టారు. ఆ కుర్చీ తలుపు దగ్గర వేశారనుకోండి. అయితేనేం? గాలి బాగా వస్తుంది!

నమ్మకం కుదరకపోతే మా వదిననే చూడండి.

మా వీధి చివర సీసా నీళ్ళ కంపెనీ ఒకటి లోతుగా బోర్లు దింపి, దొరికిన నీళ్ళన్నీ లారీలకెత్తేది. మా బావులు ఎండడం మొదలెట్టాయి. ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. అందరికీ ముందు మా వదిన. ఆమెది మామూలు గొంతా! “ఆపరా బండి!” అని ఒక్క కేక వేస్తే ఇంజను దానంతటదే ఆగిపోయేది. పోలీసులొచ్చారు, ప్లీడర్లొచ్చారు, వచ్చిన దారినే పోయారు. లారీలు రావడం మానేశాయి. బావుల్లో మళ్ళీ నీళ్ళూరాయి.

ఎంత మొరటు పద్ధతి! ఒక తీర్మానం లేదు, ఒక ఉపసంఘం లేదు!

మా అదృష్టం పండి, ప్రపంచ నీటి మహాసభ నుంచి వదినకు ఆహ్వానం వచ్చింది. వెంట విమానం టికెట్టూ వచ్చింది. ఖర్చెవరిదని అడగడం మర్యాద కాదు కదా!

అక్కడ ఆమె మెడలో ట్యాగు వేశారు, ఎదురుగా మైకు పెట్టారు. దాని స్విచ్చి అధ్యక్షుల వారి దగ్గరుంటుంది. చెయ్యెత్తి కూర్చుని, వంతు వచ్చి వారు సరేనంటే రెండు నిమిషాలు మాట్లాడాలి. వదిన మాట్లాడింది. ప్రపంచం కదిలిపోయింది! మా వీధి పట్ల ‘ఆందోళన’ ప్రకటించాలా, ‘తీవ్ర ఆందోళన’ ప్రకటించాలా అని దేశదేశాల ప్రతినిధులు సిగపట్లు పట్టి, చివరికి ‘తగుమాత్రం ఆందోళన’ దగ్గర రాజీపడ్డారు.

అక్కణ్ణుంచి ఆహ్వానాల మీద ఆహ్వానాలు. వదిన ఊళ్ళో ఉంటే ఒట్టు! ఆమె వచ్చాక చూద్దామని వీధివాళ్ళు ఆగారు. కంపెనీ ఆగలేదు. పాపం, వాళ్ళకు పని తొందర.

వదిన మొన్న తిరిగొచ్చింది.

“అక్కడ బల్లల మీద పెట్టిన సీసా నీళ్ళు అచ్చం మన బావి నీళ్ళలాగే ఉన్నాయయ్యా మరిదీ!” అంది మురిసిపోతూ.

“లాగే ఏమిటి వదినా, అవే!” అన్నాను.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. మా బావిలో చెంబు కూడా మునగడం లేదు. బిందెలతో ఆడవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి వదిన వెనక చేరారు. “కానీ అక్కా, వెయ్యి కేక!” అన్నారు.

వదిన రోడ్డు వార నిలబడింది. గొంతు సవరించుకుంది. కుడిచెయ్యి పైకెత్తి, పెదవి కదపకుండా, ఎదురుచూస్తూ నిలబడింది.

డ్రైవరు సంస్కారవంతుడు. తానూ చెయ్యి ఊపి, బండి ముందుకు పోనిచ్చాడు.

“వదినా, నీకు దండం పెడతాను, కేకెయ్యి!” అని అరిచాను.

“ఉండవయ్యా, ఇంకా నా వంతు రాలేదు” అంది.