గడప ముందు ఈస్టరు

ఆ ఆదివారం పొద్దుటికి కనకదుర్గ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి వీల్లేదు. దయామణి టీచరు నాలుగింటికే లేచి, తెల్లచీర కట్టుకుని, కొవ్వొత్తులు సంచిలో వేసుకుని సమాధుల తోటలో జరిగే ఈస్టరు ప్రార్థనకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడింటికి గాని రాదు. అత్తగారు వెంకటరత్నమ్మ లేచి, స్నానం చేసి, పూజ ముగించి వీధిలోకి వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. మామగారూ భర్తా కొల్లిపరలో పసుపు కళ్ళం దగ్గరే పడుకుంటున్నారు. కాబట్టి ఐదున్నరకల్లా టీచరు గది గడప ముందు అలంకరణ పెట్టేసి, ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి కాఫీ పెట్టుకోవచ్చు. టీచరు వస్తుంది, చూస్తుంది, కళ్ళు చెమ్మగిల్లుతాయి, గది ఖాళీ చేసి సోమవారం ఎక్కాల్సిన బండి మానుకుంటుంది.

ఆ బండి ఆగడం కనకదుర్గకి చాలా అవసరం. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు మాన్పించి, పెళ్ళి చేసి తెనాలి పంపినప్పటినుంచీ ఆమెకి ఒకటే జబ్బు. ప్రతిదీ తెలుసుకోవాలి. విమానం పోతే అది ఎక్కడికి పోతోందో తెలియాలి. బెల్లం కట్టిన కాగితంలో సగం వార్తే ఉంటే మిగతా సగం ఏమైందో తెలియాలి. మూడేళ్ళ కిందట వీధి గదిలో అద్దెకి దిగిన దయామణి టీచరు ఆ జబ్బుకి దొరికిన మొదటి మందు. బడి వదిలాక రోజూ గంటసేపు చదువు చెప్పి, వచ్చే సెప్టెంబరులో మెట్రిక్ పరీక్షకి ప్రైవేటుగా కూర్చోమని దరఖాస్తు కూడా పెట్టించింది.

సరిగ్గా ఆ ఏడే, అంటే అరవై ఎనిమిదిలో, పసుపు విరగపండింది. ధర వచ్చేదాకా బస్తాలు ఎక్కడ పెట్టాలా అని వెంకటరత్నమ్మ ఇల్లంతా కలియదిరిగి వీధి గది దగ్గర ఆగింది. ఈస్టరు వెళ్ళగానే ఖాళీ చెయ్యమంది. టీచరు ఎందుకని అడిగే మనిషి కాదు, బతిమాలే మనిషి అంతకన్నా కాదు. అలాగేనండి అని, రేపల్లెలో చెల్లెలి ఇంటికి మారి రోజూ రైల్లో బడికి వచ్చే ఏర్పాటు చేసుకుంది. ఆవిడ అలా రైలెక్కి పోతే కనకదుర్గ మెట్రిక్కూ ఆ రైల్లోనే పోయినట్టు. ఉండమని ఎవరైనా ఒక్కమాట అంటే టీచరు ఉంటుందని కనకదుర్గ నమ్మకం. అనే హక్కు ఆ ఇంట్లో కోడలికి లేదు. నోటితో అనలేనిది చేతితో చేసి చూపిద్దామనుకుంది.

దారి చూపించింది ఒక పాత ఇంగ్లీషు పత్రిక. పిల్లల పుస్తకాలకి అట్టలు వెయ్యడానికి టీచరు తెచ్చుకున్న కట్టలో అది దొరికింది. అందులో ఒక రంగుల బొమ్మ. బుట్టలో గడ్డి, గడ్డిలో రంగురంగుల గుడ్లు, పక్కన పూసిన కొమ్మ, దానికో రిబ్బను, ముందు ఒక కుందేలు. కనకదుర్గ నిఘంటువు ముందేసుకుని రెండు మధ్యాహ్నాలు కుస్తీ పట్టి కింద రాసింది చదివింది. ఈస్టరుకీ వసంతానికీ ఇంట్లో తేలిగ్గా చేసుకునే అలంకరణ అట. దేనికీ బజారుకి పరుగెత్తక్కర్లేదట, ఇంట్లో ఉన్నవాటితోనే చేసుకోవచ్చట. కుందేలికీ గుడ్లకీ సంబంధమేమిటో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. టీచర్నే అడిగితే గుట్టు రట్టవుతుందని ఊరుకుంది.

ఇంట్లో ఉన్నవాటితోనే అన్నారు కదా, ఆమె అక్షరాలా అలాగే చేసింది. శనివారం సాయంత్రం అత్తగారు గుడికి వెళ్ళగానే ఏడు గుడ్లు ఉడికించింది. వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టే శనివారంనాడు ఆ వంటింట్లో గుడ్డు ఉడకడం అదే మొదలు. మూడు గుడ్లకి పసుపు పట్టించింది. మరో మూడు గుడ్లకి పసుపులో సున్నం కలిపి ఎర్రరంగు వేసింది. ఒకదాన్ని బట్టలకి వాడే నీలిమందులో ముంచింది. వాటిమీద కాటుకతో చిన్నచిన్న ముగ్గులు గీసింది. ఏప్రిల్‌లో పూసే కొమ్మంటే వేపకొమ్మే కాబట్టి పెరట్లోంచి ఒకటి విరిచి, తన జడ రిబ్బను, ఎర్రది, దానికి కట్టింది. కుందేలు ఇంట్లో లేదు గనక బియ్యప్పిండి తడిపి తనే చేసింది. చెవులు బాగా కుదిరాయి. తక్కినది అంత కుదరలేదు. చేటలో ఎండుగడ్డి పరిచి అన్నీ సర్దింది. ఆదివారం ఐదున్నరకి గడప ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, పత్రికలో బొమ్మకన్నా తనదే బాగున్నట్టు అనిపించింది.

ఆరింటికి గంగరత్నం వచ్చింది. రేపల్లెనుంచి మొదటి రైల్లో చేపలు తెచ్చి అమ్మే మనిషి. రోజూ ఆ అరుగుమీదే గంప దించి నడుం వాలుస్తుంది. ఆ పూట గంప సగం దించి, మళ్ళీ నెత్తికెత్తుకుని వీధి మధ్యకి వెళ్ళి నిలబడింది. ఎదురింటి సుబ్బరత్నమ్మ వచ్చింది. పాలు పోసే సుందరయ్య బిందె పట్టుకుని వచ్చాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పది నిమిషాల్లో వీధి వీధంతా అరుగుకి పది గజాల దూరంలో చేరింది.

"ఎవరూ తొక్కమాకండి," అంది గంగరత్నం. "మా చినమామ సింగయ్య ఇట్టాంటి చేతబడులు తీసేవాడే. చిన్నప్పట్నించీ చూస్తన్నా. పసుపు గుడ్లు, ఎర్ర గుడ్లు, వేపమండ, కాటుక రాతలు. ఏదీ తక్కువ లేదు. పిండిబొమ్మ కూడా చేశారు చూడండి, ఆ టీచరమ్మ మీదే పెట్టారు."

సుందరయ్య మెడ సాచి చూసి, ఆ బొమ్మకి పైన ఉన్నవి చెవుల్లా లేవూ అన్నాడు. మనిషికి అంతంత చెవులెక్కడుంటాయని గంగరత్నం కసిరింది. అవి చేతులట. రక్షించమని పైకెత్తి మొరపెట్టుకుంటున్నట్టు చేశారట.

తలుపు వెనక నిలబడి కనకదుర్గ ఇదంతా వింటోంది. వెంటనే వెళ్ళి నిజం చెప్పెయ్యాలి. చెప్తే శనివారం గుడ్ల సంగతి బయటపడుతుంది. అయినా సరే చెప్పెయ్యాలి అనుకుంటూనే బయటికొచ్చింది. తీరా వచ్చాక పాడు జబ్బు నాలుకమీదికొచ్చి కూర్చుంది.

"మరి ఆ నీలం గుడ్డు దేనికంటావు గంగరత్నం?"

"అది ఊపిరాడకుండా చెయ్యడానికమ్మా," అంది గంగరత్నం, ఒక్క క్షణమైనా తడుముకోకుండా.

ఈలోగా సుబ్బరత్నమ్మకి ఒక సంగతి గుర్తొచ్చింది. గుర్తురావడమేమిటి, చెప్పడానికి సమయం కోసం చూస్తోంది. నిన్న సాయంత్రం వెంకటరత్నమ్మ తనతో అన్న మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. ఆదివారం వెళ్ళనీ, సోమవారం నుంచి ఆ టీచరు ఈ గదిలో ఉండదు చూడు, అందట. పైగా ఇన్ని గుడ్లకి పట్టించేంత పసుపు ఊళ్ళో ఎవరింట్లో ఉందో ఎవరికి తెలియదు?

అందరూ అటు తిరిగేసరికి సింహద్వారం తెరుచుకుంది. వెంకటరత్నమ్మ. అప్పుడే స్నానం చేసి వచ్చింది. మొహానికీ చేతులకీ పసుపు, రూపాయికాసంత బొట్టు, ఆరడానికి విరబోసుకున్న జుట్టు, చేతిలో వెలుగుతున్న హారతి పళ్ళెం. రోజూ ఉండే వేషమే. ఆ రోజు మాత్రం వీధి మొత్తం ఒకడుగు వెనక్కి వేసింది.

చేట చూడగానే ఆవిడకి వచ్చిన మొదటి అనుమానం, తన ఇంటిమీద ఎవరో చేశారని. ఎవరు చేశారో చెప్పమని వీధినంతా నిలదీసింది. ఒక్కరూ కళ్ళెత్తి చూడలేదు. చివరికి సుబ్బరత్నమ్మే, ఇంటిమీద కాదులే వదినా, గదిమీదలే, అంది మెల్లిగా. ఆ మాట అర్థం కావడానికి వెంకటరత్నమ్మకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఖాళీగా ఉన్న చేతి పసుపు కొంగుకి తుడుచుకుంది. అది అందరూ చూశారు.

ఇక ఆగలేక కనకదుర్గ ముందుకొచ్చింది. "అత్తయ్య కాదండి. నేనే పెట్టాను. అది అలంకరణ. ఇంగ్లీషు పత్రికలో చూసి చేశాను."

సుబ్బరత్నమ్మ కళ్ళు ఒత్తుకుని, ఈ రోజుల్లో అత్తగారి తప్పు నెత్తిన వేసుకునే కోడలు ఎక్కడ దొరుకుతుంది అంది. గుమ్మంలో గుడ్లు పెట్టుకునే పిచ్చి ఏ దొరసానికుంటుందమ్మా అన్నాడు సుందరయ్య జాలిగా. కనకదుర్గ పత్రిక, నిఘంటువు, కుందేలు అని చెప్పుకుపోతున్నకొద్దీ ఆడవాళ్ళ మొహాల్లో ఆమె మీద గౌరవం పెరిగిపోతోంది. అన్నిటికంటే ఘోరమేమిటంటే వెంకటరత్నమ్మ కూడా నమ్మలేదు. కోడలు తనని కాపాడుతోందంటే, తనే చేసిందని కోడలు కూడా అనుకుంటున్నట్టే కదా.

"నువ్వు కూడా నన్నే అనుకుంటున్నావుటే?" అంది. గొంతు వణికింది. పన్నెండేళ్ళలో అత్తగారి గొంతు అలా వణకడం కనకదుర్గ వినలేదు. తను చేసిన పని ఎక్కడికి పోయి తగిలిందో అప్పుడు తెలిసింది. చచ్చేంత సిగ్గేసింది.

సాయంత్రం రైలుకి సింగయ్యని దింపుతానని, అప్పటిదాకా గడప ఎవరూ దాటొద్దని గంగరత్నం తీర్పు చెప్పింది. చెప్పి నోరు మూసుకోకముందే దయామణి టీచరు మలుపు తిరిగి వచ్చింది. జనం దారి ఇచ్చారు. నలుగురైదుగురు ఒకేసారి జరిగింది చెప్పారు. ఆవిడ అన్నీ విని, చేట వైపు చూసింది. పిండి చెవులు చూసింది. తర్వాత కనకదుర్గ వేళ్ళు చూసింది. కుడిచేతి మూడు వేళ్ళు గోళ్ళదాకా నీలంగా ఉన్నాయి. టీచరు కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. ఆ పొద్దున వేసుకున్న పథకంలో సరిగ్గా జరిగింది అదొక్కటే.

"ఇవి ఈస్టరు గుడ్లండి," అంది టీచరు, బడిలో చెప్పినట్టు. "ఇవాళ తింటారు."

ఒక పసుపు గుడ్డు తీసి, అరుగు స్తంభానికి తట్టి, నింపాదిగా పెంకు వలిచింది. "దుర్గా, కాస్త ఉప్పు తెచ్చిపెడతావా?"

ఉప్పు వచ్చింది. టీచరు నాలుగు ముక్కల్లో గుడ్డు తినేసి, మంచినీళ్ళు తాగింది. వీధి వీధంతా ఆవిడ గొంతు వైపే చూస్తోంది. ఏమీ కాలేదు. సుందరయ్యకి కాస్త నిరాశ కలిగినట్టు కూడా కనిపించింది.

"ఇప్పుడే కనపడదు," అంది గంగరత్నం, పరువు నిలబెట్టుకుంటూ. "రేపు బండెక్కి పోద్దిగా. అట్టా పోయిందంటే పెట్టింది పారినట్టే."

ఆ మాట వెంకటరత్నమ్మ చెవిన పడింది. ఆవిడ చదువుకోలేదు గాని, ముందువెనకలు ఆలోచించడంలో ఘటికురాలు. రేపు ఆ బండి కదిలిందా, ఏడు తరాలదాకా ఈ మాట పోదు. తన ఇంట్లో పేరంటానికి ఎవరొస్తారు? తన చేతి పసుపు ఎవరు రాయించుకుంటారు? అంతెందుకు, కొల్లిపర బస్తాల్ని ఏ వర్తకుడు ముట్టుకుంటాడు? హారతి పళ్ళెం కోడలి చేతిలో పెట్టి, పదిమందీ చూస్తుండగా వెళ్ళి టీచరు చెయ్యి పట్టుకుంది.

"బండీ లేదు, గిండీ లేదు. ఈ గది నీది టీచరమ్మా. నువ్వెక్కడికీ కదలడానికి వీల్లేదు."

"మరి పసుపు బస్తాలు ఎక్కడ పెడతారండి?"

"నా మంచం కింద పెట్టుకుంటాను, నీకెందుకు?"

చెల్లెలికి మాటిచ్చేశానని టీచరు నసిగింది. చెల్లెలికి తనే కబురంపుతానంది వెంకటరత్నమ్మ. అక్కడితో ఆగలేదు. రేపటినుంచి తన కోడలు లోపల గదిలో కాదు, ఈ అరుగుమీదే, అందరికీ కనపడేటట్టు టీచరు పక్కన కూర్చుని చదువుకుంటుందని, గంట చాలకపోతే రెండు గంటలు కూర్చుంటుందని వీధికి వినపడేలా ప్రకటించింది. తమ రెండు గుమ్మాల మధ్యా ఎంత సఖ్యత ఉందో చూడదలచుకున్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చంది. కనకదుర్గకి సంతోషంతో హారతి పళ్ళెం కిందపడకుండా పట్టుకోవడమే కష్టమైంది.

మర్నాడు అరుగుమీద మొదటి పాఠానికి ముందే ఆమె ఉండబట్టలేక, కుందేలికీ గుడ్లకీ సంబంధమేమిటని అడిగింది. టీచరు తెరవబోతున్న పుస్తకం పక్కన పెట్టింది. "నాకూ తెలీదే. ముప్పై ఏళ్ళుగా ఎవర్నైనా అడుగుదామనే అనుకుంటున్నాను," అంది.

చదువు సాగుతోంది గాని కనకదుర్గ మనసులో ముల్లు అలాగే ఉంది. తనవల్ల అత్తగారికి లేనిపోని నింద పడింది. పది రోజులు చూసి, పదకొండోనాడు ధైర్యం చేసి ఆ పత్రిక తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. శనివారం గుడ్లతో సహా అన్నీ చెప్పేసింది. వెంకటరత్నమ్మ బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. కుందేలి చెవులు వేలితో కొలిచింది. నమ్మింది.

"ఇప్పుడే వెళ్ళి సుబ్బరత్నమ్మ పిన్నిగారికీ వీధిలో అందరికీ ఈ బొమ్మ చూపించి వస్తాను అత్తయ్యా," అంది కనకదుర్గ లేస్తూ.

"కూర్చో," అంది వెంకటరత్నమ్మ.

ఆవిడ ఈ పది రోజులూ ఊరికే కూర్చోలేదు, గమనిస్తోంది. ఈస్టరు మర్నాటినుంచీ సుందరయ్య పోసే పాలమీద వేలు మందం మీగడ కడుతోంది. గంగరత్నం గంపలో ఉన్నవాటిలో మంచి చేప ఏరి ముందు ఈ గుమ్మంలోనే పెట్టి, ఎంతకి అడిగితే అంతకి ఇచ్చి పోతోంది. రెండేళ్ళ కిందట అడిగి తీసుకెళ్ళిన ఇత్తడి గుండిగని సుబ్బరత్నమ్మ చింతపండుతో తళతళా తోమి తనంతట తనే తెచ్చి ఇచ్చింది. వెంకటరత్నమ్మకి పెట్టడమూ తెలుసు, పెట్టినదాన్ని తీసెయ్యడమూ తెలుసు అని వీధి ఏకగ్రీవంగా తేల్చేసింది.

ఆవిడ పత్రికని జాగ్రత్తగా మడిచి తన పరుపు కింద దోపుకుంది.

"మళ్ళీ ఈస్టరు ఎప్పుడొస్తుందో టీచరమ్మనడిగి ఉంచు," అంది.