ఎలక్ట్రాన్ల ఏకాభిప్రాయం

పరిశోధనా సంస్థలోని ఎలక్ట్రాన్లన్నీ సోమవారం ఉదయం పది గంటలలోగా ఒకే దిశకు తిరగవలెనని డైరెక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. దాని నకలు ప్రయోగశాల తలుపుకు అంటించారు. ఎలక్ట్రాన్లు కంటికి కనిపించవు కనుక సంతకాలు తీసుకోలేదు.

ఇంతకీ కారణం ఏడో ఏడు పరిశోధనలో ఉన్న ఒక విద్యార్థిని. కాగితం మందంలో పదివేలోవంతు ఉండే అర్ధవాహకపు పొరలో ఎలక్ట్రాన్లు ఎటు తిరిగి ఉన్నాయో కొలవడం ఆమె పని. అక్కడ పైకీ కిందికీ జరిగే చోటుండదు, పక్కవాటిని తోసుకుంటూనే బతకాలి. ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతపు సూదిలాంటిది. దాని మొన పైకైనా ఉంటుంది, కిందికైనా ఉంటుంది. ఈ తోపులాట పడలేక అన్నీ తమంతట తామే ఒకే వైపు తిరుగుతాయని ఇరవై ఏళ్ల కిందట డైరెక్టరుగారు సిద్ధాంతం రాశారు. పతకమూ, కుర్చీ ఆ సిద్ధాంతం పెట్టిన భిక్షే. తీరా ఈమె కొలిస్తే సగం పైకి, సగం కిందికి చూస్తున్నాయి. పదకొండుసార్లు కొలిచినా అంతే. ఉత్తర్వు వెలువడ్డాక మళ్లీ కొలిచింది. అవి నోటీసు చదివిన దాఖలాలు లేవు.

ఆ నెలాఖరుకు ఆమె డాక్టరేటు గడువు తీరిపోతుంది. అది దాటితే ఏడేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. కనుక ఏడుగురు ప్రొఫెసర్ల సంఘం దయతో సమావేశమైంది. పొరను చల్లబరిచే హీలియం నాసిరకమన్నారు ఒకరు. పొర పాతదన్నారు మరొకరు. అమ్మాయికి పెద్దలంటే గౌరవం లేదని మూడో ఆయన శాస్త్రీయంగా నిరూపించారు.

"చూడమ్మా," అన్నారు డైరెక్టరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ. "సైన్సులో బలవంతం ఉండదు. నేనెవరికీ ఏమీ చెప్పను. సిద్ధాంతం సరైనదే అనుకునేవాళ్లు చెయ్యెత్తండి."

ఏడు చేతులు లేచాయి. ఆమె గైడుగారు కూడా ఆ ఏడుగురిలో ఒకరు. కిందటి వారం ఇవే పట్టికలు చూసి "భేషుగ్గా ఉందమ్మా" అన్న ఆయన చెయ్యే అందరికంటే ఎత్తుగా లేచింది. ఆమెకు ఒళ్లు మండింది. ఆ వెంటనే గడువు గుర్తొచ్చింది. ఎనిమిదో చెయ్యి లేచింది. అది తనదేనని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు. ఏకగ్రీవమని నమోదు చేసి, పట్టికల్లో "సగం" ఉన్నచోటల్లా "అన్నీ" అని దిద్దించారు.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమైందే?"

"డాక్టరేటు ఇస్తారటమ్మా. అందరూ ఒప్పుకున్నారు."

"మరి మొహం అలా పెట్టావేం?"

"ఎలక్ట్రాన్లు ఒప్పుకోలేదు. వచ్చేముందు ఇంకోసారి కొలిచాను."

"పోనీలేవే," అంది అమ్మ, కూతురి చేతిలో సంచీ అందుకుంటూ. "అవి చదువుకున్నవి కావుగా."