పొందూరులో దిగని అల్లుడు

ఆ శనివారం పొద్దున త్యాగరాజు పథకం చాలా చిన్నది. విజయనగరంలో ఏడింటికి బయలుదేరడం, పొందూరులో అత్తవారింట భోజనం, సాయంత్రం శ్రీకూర్మంలో దర్శనం, చీకటి పడేలోగా ఇల్లు. రిటైరైన లెక్కల మాస్టారు గనక వేళలన్నీ కాగితం మీద వేసుకున్నాడు కూడా. వేసుకోనిది కారు సంగతి ఒక్కటే.

ఆ కారుకి ఇరవై ఆరేళ్ళు. కూతురు విశాలి ఒకటో తరగతికీ అందులోనే వెళ్ళింది, ఇంజనీరింగు కాలేజీకీ అందులోనే వెళ్ళింది. త్యాగరాజు తల్లి చివరిసారి శ్రీకూర్మం వెళ్ళొచ్చిందీ దాని వెనక సీట్లోనే. దాన్ని చూస్తే త్యాగరాజుకి గొంతు పట్టేస్తుంది. భార్య పద్మకుమారికి నడుం పట్టేస్తుంది. పోయిన నెల రాజాం రోడ్డులో అది మొరాయించి, ఎండలో అరకిలోమీటరు తోయించుకున్న రోజున ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఇంకొక్కసారి దారిలో ఆగిందా, పాత ఇనపసామాన్ల వోడికి ఇచ్చీస్తాను. మరి నన్నేటీ అనకండి."

అలాంటి మనిషి ఈ రోజు ఎన్నడూ లేనిది కారుకి తనే పసుపూ కుంకుమా పెట్టింది. స్టీరింగు వెనక మీటర్ల అద్దం మీద కూడా వేలెడంత బొట్టు దిద్దింది. త్యాగరాజు మురిసిపోయాడు.

చీపురుపల్లి దాటాక ఎండకి ఆ బొట్టు ఎండి రాలిపోయింది. దాని వెనక బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతోంది. త్యాగరాజు పక్కకి చూశాడు. పద్మకుమారి మామిడితోటలు చూస్తోంది. గబగబా జేబురుమాలు తీసి మీటర్ల మీద కప్పేశాడు. ఆవిడ కొబ్బరిబొండాం కోసం దిగినప్పుడు, గొంతు తగ్గించి మెకానిక్కు గంగులుకి ఫోను చేశాడు.

"బండి సార్జింగు తీసుకోట్లేదు మాస్టారూ. బ్యాటరీలో ఉన్నదాని మీదే నడస్తన్నాది," అన్నాడు గంగులు. "ఏటైనా గానీ ఇంజను ఆపకండి, మళ్ళీ లెగదు. ఏక్సిలేటరు మీంచి కాలు తియ్యకండి. మీ బండి గుణం మీకు తెలీదేటి?"

తెలుసు. కాలు తీస్తే రెండు దగ్గులు దగ్గి ఆగిపోవడం దాని గుణం.

పొందూరులో కారు ఆగీ ఆగకముందే పద్మకుమారి దిగి లోపలికి వెళ్ళిపోయింది. బావమరిది త్రినాథ్ ఎదురొచ్చాడు.

"దిగు బావా."

"పరవాలేదురా, ఇక్కడ నీడ బాగుంది."

"ఎండలో ఉన్నావు బావా."

త్రినాథ్‌కి నిజం చెబితే వాళ్ళక్కకి చేరడానికి అరనిమిషం చాలు. అందుకని త్యాగరాజు ఆకాశం వైపు చూశాడు. అత్తగారు చూడామణి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"కాళ్ళు కడుక్కో బాబూ."

"కాలు ఖాళీ లేదత్తా. తర్వాత."

ఆవిడ మొహం పాలిపోయింది. గడపలో కాళ్ళకి నీళ్ళిస్తే అల్లుడు వద్దన్నాడంటే ఆ వీధిలో దానికి ఒకటే అర్థం, అలక. పది నిమిషాల్లో కబురు పాకిపోయింది. పక్కింటి కుసుమకుమారి మరో నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, పెళ్ళిళ్ళలో పాడే అలక పాట కారు కిటికీ దగ్గర అందుకుంది. ఇంజను కీచుమంటూ శ్రుతి ఇస్తోంది.

ఆ పాటకి త్యాగరాజుకి పెళ్ళి గుర్తొచ్చింది. ముప్పై ఏడేళ్ళ కిందట ఇదే ఇంట్లో అలకపాన్పు ఎక్కించి, ఏం కావాలో కోరుకోమన్నారు. పెళ్ళికూతురు వడికిన నూలుతో నేసిన పంచె కావాలన్నాడు. తలుపు చాటున పద్మకుమారి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. పంచె సంగతి మాత్రం ఆ హడావుడిలో అందరూ మరిచిపోయారు.

అందరూ అంటే, మామగారు తప్ప. ఎనభై ఆరేళ్ళ జగన్నాధం చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చంక కింద నాఫ్తలీను వాసన కొడుతున్న మడత.

"తప్పు నాదే అల్లుడూ. మా అమ్మాయి పద్దు వడికిన నూలు సాల్నేదు. తరవాత మీ అత్త కూకుని మిగతాది వడికింది. నేయించి పెట్టెలో దాసేను. మళ్ళీ నువ్వడగనేదని ఇవ్వనేదు. ఇన్నేళ్ళూ మనసులో ఎట్టుకున్నావా నాయనా?"

త్యాగరాజుకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ కంగారులో దండం పెట్టడానికి సీట్లోంచి సగం లేచాడు. కాలు లేచింది. కారు రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. పాట కూడా ఆగింది. గడపలో పద్మకుమారి నిలబడి చూస్తోంది.

"అలకా లేదు, ఏమీ లేదు మావా," అన్నాడు త్యాగరాజు నీరసంగా. "బండి చార్జింగు పోయింది. ఆపితే మళ్ళీ లేవదు. లేవకపోతే మీ అమ్మాయి దీన్ని ఇనప సామాన్లకి వేసేస్తుంది."

చూడామణి చెంబు కింద పెట్టి కారు ముందుకొచ్చింది.

"ఒరే త్రినాథూ, ఆ మూత లెగదియ్యి. ఇందాకట్నుంచి ఇంటన్నాను, రాట్నం తాడు వదులైతే ఇలాగే కీసుమంటాది. సెక్రం తిరుగుతాది గానీ కదురు తిరగదు." లోపల నల్ల బెల్టుని బొటనవేలితో నొక్కింది. రెండంగుళాలు లోపలికి పోయింది. "ఇదిగో సూడు. అరవయ్యేళ్ళు వడికినాను, నాకు తెల్దేటి?"

త్రినాథ్ పానా తెచ్చి బోల్టు వదులు చేసి, బ్యాటరీకి చార్జింగిచ్చే డైనమోని కర్రతో వెనక్కి నెట్టి బెల్టు బిగించాడు. పాడినవాళ్ళే చీర చెంగులు దోపుకుని తోశారు. వీధి చివర కారు దగ్గి, ఉలిక్కిపడి, లేచింది. ఎర్ర దీపం ఆరిపోయింది. చార్జింగు ఎక్కేదాకా త్రినాథ్ దాన్ని ఓ గంట శ్రీకాకుళం రోడ్డు మీద తిప్పుకొచ్చాడు.

త్యాగరాజు ధైర్యం తెచ్చుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు. "ఇనపసామాన్ల వాడికి కబురు పంపుతావా?"

"దారిలో ఆగితే అన్నాను. ఇది మా గుమ్మంలో ఆగింది." పద్మకుమారి చెంగు మెలితిప్పింది. "ఆ దీపం గురువారమే వెలిగిందండీ. రైతుబజారు నుంచి వస్తన్నప్పుడు. మీరు కళ్ళజోడు మర్చిపోయి బండి తోల్తన్నారు, సూళ్ళేదు. సెప్తే పదిరోజులు షెడ్డులో ఎట్టీసి, అమ్మని సూడ్డానికి తీసుకురారని, దాని మీద బొట్టెట్టీసాను."

త్యాగరాజు తెల్లబోయి చూశాడు. అప్పుడు ఆవిడ నవ్వింది. తలుపు చాటున విన్న నవ్వు అదే, ఒక్క పిసరు మారలేదు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక పంచె కట్టుకుని భోజనానికి కూర్చుందామని చెయ్యి చాచాడు.

జగన్నాధం మడతని చంకలోకి లాక్కున్నాడు. "అలక కాదన్నావు కదా అల్లుడూ. ఇది అలక్కి దాసింది." మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి పెట్టెకి తాళం వేశాడు.

ఆకులు వేసి పిలిస్తే త్యాగరాజు రాలేదు. వెళ్ళి కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఈసారి ఇంజను ఆపేసి.