మర్యాదకి కాదన్న తూఫాన్

హూషంగ్ కలంపేరు తూఫాన్. ఒకప్పుడు సొంతూరు షీరాజ్‌లో ఆయన పద్యం చదివితే పోలీసులు లేచి నిలబడేవాళ్ళు, పట్టుకుపోవడానికే అనుకోండి. ఇప్పుడీ స్వీడన్ ఊళ్ళో కిటికీ సందులోంచి గాలి తగిలితే మఫ్లరు చుట్టుకుంటున్నాడు. ఆ పద్యాలు వినేది భార్య ఫరంగీస్ ఒక్కత్తే. అదీ ఉల్లిపాయలు తరుగుతూ, అందుకని కన్నీళ్ళకి లోటుండదు.

అలాంటివాడికి బడి నుంచి పంతులమ్మ గున్‌వర్ ఫోను చేసింది. దేశం విడిచొచ్చిన కవి బతుకూ కవిత్వమూ మా పిల్లలకి మీ నోటే వినిపించాలంది. హూషంగ్ గుండె గంతులేసింది. నాలుక మాత్రం షీరాజ్ మర్యాదకి పోయింది.

"అబ్బే, నేనెంతవాణ్ణమ్మా. ఎవరైనా మంచి కవిని పిలుచుకోండి" అన్నాడు.

వాళ్ళ దేశంలో అయితే అవతలివాళ్ళు బతిమాలాలి, ఈయన మళ్ళీ కాదనాలి, వాళ్ళు గడ్డం పట్టుకోవాలి, అప్పుడు కరగాలి. గున్‌వర్ సరేనండీ అని పెట్టేసింది.

"పెట్టేసిందే" అన్నాడు, ఫోను కేసి చూస్తూ.

"వద్దన్నారుగా."

"వద్దంటే వద్దనా?"

"ఈ ఊళ్ళో వద్దంటే వద్దనే, మహాకవిగారూ."

దాంతో ఓ ఎత్తు వేశాడు. మా ఆయనకి ఆ పూట తీరికేనండీ అని, తనకి తెలియకుండా చేస్తున్నట్టు భార్య చేత ఫోను చేయించాడు. ఆవిడ మాట్లాడి వచ్చింది. ఇష్టంలేని మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకు, మీరే వచ్చి చెప్పండి అందిట గున్‌వర్.

"నువ్వేమన్నావు?"

"వస్తానన్నాను."

"అడగ్గానే?"

"ఒక్కసారే అడిగింది మరి."

బడికి వెళ్ళే రోజు హూషంగ్ శనగపిండి బిస్కెట్ల డబ్బా మోసే నెపంతో వెంటవెళ్ళి, గదిలో వెనకాల గోడకి తగిలించిన పిల్లల కోట్ల మధ్య కూచున్నాడు. కవి గొర్రెల లారీలో దాక్కుని సరిహద్దు దాటాడని ఫరంగీస్ చెబుతోంది. భయపడ్డాడా అని అడిగారు పిల్లలు. గొర్రెలు భయపడ్డాయి, దారిపొడుగునా పద్యాలు చదివాడు అంది. గదంతా గొల్లున నవ్వింది. కోట్లలో ఒక కోటు మాత్రం నవ్వలేదు.

"అక్కడ వాళ్ళమ్మ పోతే వెళ్ళలేకపోయాడు" అంది తర్వాత, గొంతు తగ్గించి. "దాని మీదో పద్యముంది. అది చదవడం నా వల్ల కాదు."

తూవె అనే పిల్ల ఫరంగీస్ చూపు వెంట వెనక్కి తిరిగింది. అక్కడి పిల్లలు ఎవర్నైనా పేరుపెట్టే పిలుస్తారు.

"హూషంగ్, నువ్వు చదువు..."

"చదువుతాను" అన్నాడు, పిల్ల మాట పూర్తికాకుండానే.

ఆయన ముందుకొస్తుంటే ఫరంగీస్ ఫార్సీలో మెల్లిగా అంది. "అడిగీ అడగ్గానే ఒప్పేసుకున్నారు. మీ అమ్మ వింటే ఎంత సిగ్గుపడేదో."

"ఆవిడ వినదులే" అని, మఫ్లరు తీసి ఆమె చేతిలో పెట్టి, పద్యం అందుకున్నాడు.