ఒక సంగటి ముద్ద, ఐదు సమావేశాలు

ఆ శనివారం పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. ముందురోజు సాయంత్రం దాకా కొండల మీద నల్లగా వేలాడినవన్నీ తెల్లారేసరికి ఎటు పోయాయో! వాన పేరు చెప్పి పరీక్షను మరో వారానికి తోసేయవచ్చని ఆశపడిన మా కమిటీ పెద్దలు వాకిట్లో నిలబడి పైకి చూసి, ఉసూరుమంటూ లోపలికి వెళ్లారు.

పరీక్ష సంగతి తర్వాత. ముందు చెప్పదలచుకున్నది చెబుతాను. మనిషి కనిపెట్టిన వాటిలో కమిటీ సమావేశాన్ని మించిన వరం లేదు! చక్రం గొప్పదంటారు. చక్రం మనిషిని ఎక్కడికో తీసుకెళ్తుంది. సమావేశం ఎక్కడికీ తీసుకెళ్లదు, కూర్చున్నచోటే ఉంచుతుంది. ఏది సుఖమో మీరే చెప్పండి!

ఇంట్లోకి పాము వచ్చిందనుకోండి. కర్ర తీస్తే ఒక ప్రాణం పోతుంది. అది మనదే కావచ్చు కూడా. అదే ఒక కమిటీ వేశారనుకోండి! అధ్యక్షుడెవరో తేలేలోపు పాము విసుగుపుట్టి తన దారిన తాను పోతుంది. హింస లేదు, పగ లేదు. మినిట్సులో మాత్రం 'పాము విషయం కూలంకషంగా చర్చించబడినది' అని ఉంటుంది.

నమ్మకపోతే మా స్కౌటు దళం కథ వినండి.

వడమాలపేట నుంచి పుత్తూరు పోయే దారిలో మా ఊరు. మా బడిలో స్కౌటు దళం ఉంది. పిల్లలకు ఖాకీ నిక్కర్లు, మెడకు రుమాళ్లు, చేతికి కర్రలు. వాళ్లు ముళ్లు వేస్తారు, జెండా ఎగరేస్తారు, తిరునాళ్లలో తప్పిపోయిన ముసలమ్మలను బస్సెక్కిస్తారు. ఇన్ని పనులు చేసేవాళ్లను అదుపులో పెట్టడానికి ఏ పనీ చేయనివాళ్లు కొందరు ఉండాలి కదా! అందుకని పెద్దల కమిటీ. అంతా స్వచ్ఛంద సేవ.

అధ్యక్షుడు చెంగయ్య, చెనక్కాయల, అంటే వేరుశనగల, వ్యాపారి. కార్యదర్శి ధనంజయ, ఎరువుల అంగడి యజమాని. పిల్లలకు నేర్పేది జయరామ్ అనే కుర్ర మాస్టరు. ఇంకో ఇద్దరు ముగ్గురు సభ్యులు. బడికి స్థలమిచ్చినవాడి కొడుకునని నన్నూ వేసుకున్నారు. నేను సమావేశాల్లో మాట్లాడను. దానికి మా ఊళ్లో మంచితనమని పేరు.

మా ముందుకొచ్చిన ప్రశ్న చాలా చిన్నది. తొమ్మిదో తరగతి చదివే రాజారత్నం అన్ని పరీక్షలూ గట్టెక్కాడు. వంట పరీక్ష ఒక్కటే మిగిలింది. అదీ అయితే హైదరాబాదులో జరిగే రాష్ట్ర ర్యాలీకి మా ఊరి నుంచి వాడే. రేణిగుంటలో రైలును చూశాడే గానీ ఎక్కి ఎరగడు. వాళ్లమ్మ ఆనందమ్మ చెనక్కాయ పీకే కూలికి పోతుంది. పొద్దు కుంగినాక ఇంటికొచ్చి వాడి ఖాకీ చొక్కా ఉతికి ఆరేస్తుంది. వాళ్ల ఇల్లు కాలువ అవతల, చిన్న చర్చి పక్కన.

పరీక్ష ఏమిటంటే, రెండు అగ్గిపుల్లలకు మించకుండా పొయ్యి రాజేసి, పదిమందికి సరిపడా వండాలి. వండింది కమిటీ వాళ్లు తిని సంతకం పెట్టాలి. జయరామ్ చేతిలోని పుస్తకంలో అలాగే ఉంది. చూసి కాదు, వాసన పట్టి కాదు, తిని!

దీనికి ఐదు సమావేశాలు పట్టాయి. ఎందుకని అడగకండి. మా కమిటీలోనూ ఎవరూ అడగలేదు.

మొదటి సమావేశం అగ్గిపుల్లల మీద జరిగింది. సగం కాలి ఆరిపోయినదాన్ని ఒకటిగా లెక్కవేయాలా, అరగానా? గాలికి ఆరిపోతే తప్పు పిల్లవాడిదా, గాలిదా? ధనంజయ ఇంటి నుంచి అగ్గిపెట్టె తెప్పించి ఎనిమిది పుల్లలు గీసి చూశాడు. తొమ్మిదోదానితో బీడీ వెలిగించుకున్నాడు. సభ వాయిదా పడింది.

రెండోది కట్టెల మీద. తుమ్మకట్టె మంచిదా, కంది కట్టె మంచిదా? చెంగయ్య, ధనంజయ చెరొక పక్క నిలబడి వాదించిన తీరు చూస్తే, మనుషులు ఇంతకాలం పచ్చివి తిని ఎలా బతికారా అనిపించింది.

మూడోది గిన్నె మీద. వండే గిన్నె ఎవరిది? దళానికి ఒక సత్తు గిన్నె ఉంది. "అది అందరిదీ గదప్పా," అన్నాడు చెంగయ్య, 'అందరిదీ' అన్నచోట కొంచెం ఆగి. "రేపు దాంట్లో వేరేవాళ్లు గూడా వండుకోవల్ల గదా. గిన్నె సంగతి ఆలోసించాల." ఆలోచించాం. ఎవరింటి నుంచి గిన్నె తెమ్మన్నా తమ ఇంట్లో గిన్నెలన్నీ కళాయికి పోయాయన్నారు. ఒక్క వారంలో ఊరి గిన్నెలన్నీ కళాయికి పోవడం మా ఊరి చరిత్రలో అదే మొదటిసారి!

ప్రతి సమావేశానికీ బస్టాండు హోటలు నుంచి వడలు, టీ వచ్చేవి. వడ ఎవరు రుబ్బారు, ఎవరు వేశారు, వాళ్ల ఇల్లు కాలువకు ఏ పక్కన అని ఎవరూ తీర్మానం ప్రవేశపెట్టలేదు. వేడిగా ఉన్నప్పుడే తినాలని మాత్రం ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

నాలుగో సమావేశం గురించి చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. మనవాళ్ల తెలివిని అంత దగ్గరగా నేను మరెక్కడా చూడలేదు.

"సూడు మాస్టరూ," అన్నాడు చెంగయ్య. "పిల్లోడు ఏదో ఒకటి ఉడకబెట్టల్ల, మనం తినల్ల. అంతే గదా?"

"అంతే సార్."

"అయితే చెనక్కాయలు ఉడకబెట్టమను. పొట్టుతోనే. ఎవరిది వాళ్లు ఒలుసుకుని తింటారు."

గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. చూశారా! పొట్టు లోపలి గింజను ఎవరు తాకగలరు? దేవుడు చెనక్కాయకు పొట్టు ఎందుకు పెట్టాడో నాకు యాభై ఏళ్లకు అర్థమైంది. కోడిగుడ్డు కూడా పనికొస్తుందని ధనంజయ సవరణ తెచ్చాడు. టెంకాయ సంగతి నేనే అందామనుకున్నాను. నాది మంచితనం కాబట్టి ఊరుకున్నాను.

జయరామ్ ముఖం మాత్రం వెలగలేదు. "ఉడకబెట్టేది వంట కాదు సార్. భోజనం కావాలంటుండాది పుస్తకం. వాడు సంగటి, చెనక్కాయల ఊరిబిండి చేస్తానంటున్నాడు. సోమవారం లోపల ఫారం చిత్తూరికి చేరకపోతే ర్యాలీ పోయినట్టే. పరీక్ష పెట్టకపోతే పెట్టలేదని రాసేస్తా, కారణం గూడా రాస్తా."

కారణం రాస్తానన్న మాటకు గది చల్లబడింది. తలుపు పక్కన కూర్చున్నవాడు లేచి తలుపేశాడు.

వెంటనే ఐదో సమావేశం పెట్టారు. అందులో ఎంత తొందరగా ఒప్పందం కుదిరిందంటే, వడలు వచ్చేసరికి సభ ముగిసింది. పరీక్ష పెట్టాల్సిందే. సంగటే వండాల్సింది. రోజు మాత్రం శనివారం.

పెరటాసి నెల శనివారం! ఊరంతా నుదుట నామం పెట్టుకుని, వెంకన్నకు ఒక్కపొద్దుండే రోజు. పరీక్ష జరుగుతుంది. పిల్లవాడు వండుతాడు. పెద్దలు వస్తారు, చూస్తారు, మెచ్చుకుంటారు. తినలేకపోవడం వాళ్ల తప్పా? స్వామివారి తప్పు! స్వామివారిని ఏ ఫారంలో రాస్తావు మాస్టరూ?

ఇప్పుడు చెప్పండి, సమావేశం వరమా కాదా!

అలా మబ్బు లేని ఆ శనివారం పదిన్నరకు అందరం బడి ఆవరణలో చేరాం. రాజారత్నం మూడు రాళ్లు పెట్టి, కంది పుల్లలు పేర్చి, వంగి ఒక పుల్ల గీశాడు. అంటుకుంది. రెండో పుల్లను పెట్టెలోనే ఉంచి ధనంజయకు ఇచ్చేశాడు. మొదటి సమావేశం మొత్తం వృథా!

గిన్నె వాళ్లింటిదే. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, రెండు పాదాలతో గిన్నెను గుడ్డ అడ్డంపెట్టి అదిమి, కట్టెతో గెలికాడు. చెమట కళ్లలోకి కారుతున్నా చెయ్యి ఆపలేదు. వేయించిన చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో నూరి ఊరిబిండి చేశాడు. ఆ వాసన తగిలిన కాడినుంచి చెంగయ్య గొంతు ముడి కిందికీ పైకీ ఆడటం నేను చూశాను. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకు పన్నెండు గంటలప్పుడు ఊరిబిండి వాసన చూపించకూడదని ఏ సమావేశంలోనూ తీర్మానించలేదు.

ముద్దలు తీసి ఆకుల్లో పెట్టాడు. ఆకులు వరసగా పరిచాడు. చేతులు తుడుచుకుని నిలబడ్డాడు.

"బాగుండాదప్పా, చూసేదానికే బాగుండాది," అన్నాడు చెంగయ్య. "ఏం చేసేది! మాకు ఈ పొద్దు ఒక్కపొద్దు."

రాజారత్నం నెమ్మదిగా అడిగాడు. "ఒక్కపొద్దంటే ఒకపూట తినొచ్చు గదా సార్?"

ఐదు సమావేశాల్లో ఎవరికీ తట్టని ప్రశ్న! ధనంజయ అందుకున్నాడు. "తినొచ్చురా. అది ఇంట్లో, పూజ చేసినాక. శాస్త్రం ఉండాది దానికి."

"మా అమ్మ గూడా అదే చెప్పింది సార్. మీరు పూజ చేసుకొని వచ్చేదాకా ఉంటాను. సంగటి సల్లారకుండా మూతేసి పెడతా."

శాస్త్రానికి కూడా ఓపిక ఉంటుందని మా కమిటీకి తెలియదు. చెంగయ్య ధనంజయను చూశాడు. ధనంజయ నన్ను చూశాడు. నేను నేలను చూశాను. 'ఫారంలో ఈ గడి ఖాళీగా పంపమంటారా?' అని జయరామ్ అడిగాడు. రాజారత్నం మూత పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. రైలు వాడి కళ్ల ముందే వెళ్లిపోతున్నట్టుంది.

అప్పుడు స్కౌటు పిల్లల వరసలోంచి చిన్నబ్బ ముందుకొచ్చాడు. చెంగయ్య కూతురి కొడుకు.

"తాతా, తిను తాతా. బాగుంటాది. పోయిన నెల కైలాసకోనకు క్యాంపు పోయినాము గదా, ఆ పొద్దు అందరికీ వండింది రత్నమే."

"నువ్వు తిన్న్యావా?" అడిగాడు చెంగయ్య.

"అందరం తిన్న్యాము. మిగిలిన ఊరిబిండి డబ్బాలో ఇంటికి గూడా తెచ్చినా. ఆ మాపు నువ్వు దోసెలో ఏసుకోని, ఎవరు నూరినారో గాని మీ అవ్వకంటే బాగా నూరినారంటివే! యేలు గూడా నాకితివి!"

పిల్లలెవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పెద్దలెవరూ నవ్వలేదు. చెంగయ్య తన చూపుడువేలును, అది ఎవరిదో అన్నట్టు, కాసేపు చూసుకున్నాడు.

పాఠకులారా, ఐదు సమావేశాల మినిట్సు పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది. అగ్గిపుల్లలు ఉన్నాయి, కట్టెలు ఉన్నాయి, కళాయికి పోయిన గిన్నెలు ఉన్నాయి, చెనక్కాయ పొట్టు ఉంది. 'హరిజనవాడ పిల్లవాడు వండింది మేము తినము' అన్న ఒక్క వాక్యం మాత్రం ఎంత వెతికినా లేదు. దాన్ని పలకకుండా ఉండటానికే ఇన్ని మాటలు కావలసి వచ్చాయి. పలికితే ఎవరో ఒకరు కాదనేవాళ్లేమో! కనీసం నేను. కాదనేవాణ్ణని రాయడానికి ఇప్పుడు ధైర్యం చాలుతోంది. అప్పుడు వడ తింటున్నాను.

చెంగయ్య పైపంచె తీసి నడుముకు చుట్టుకున్నాడు. వెళ్లి మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. ధనంజయ ఒకసారి వీధివైపు చూసి రెండో ఆకు ముందు కూర్చున్నాడు. నేను మూడోదాని ముందు, మిగతా సభ్యులు ఆ వరసలోనే. జయరామ్, పిల్లలు ఎదురు వరసలో. రాజారత్నాన్ని చిన్నబ్బ చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ముద్దను గుంట చేసి ఊరిబిండి పెట్టుకున్నాం. తిన్నాం. ఉప్పు సరిపోయిందని గానీ, కారం ఎక్కువైందని గానీ ఒక్కరూ అనలేదు. ఇంతమంది పెద్దలు ఒకచోట కూర్చుని ఇంతసేపు మాట్లాడకపోవడం మా ఊళ్లో నేను చూడలేదు. చెంగయ్య తల ఎత్తకుండానే తిని, ఖాళీ ఆకును రెండో ముద్ద కోసం రాజారత్నం వైపు కొంచెం జరిపాడు.